ఎస్తేరు చేతికి కట్టిన తాళం చెవి

నేను ఒక ఇనప తాళం చెవిని. బెత్తెడు పొడవు, మూడు పళ్ళు, కాస్త గర్వం. వేటపాలెం కమ్మరి నన్ను ఉప్పు గిడ్డంగి కోసం చేశాడు. అది కూలాక దాని తలుపులతో పాటు పర్చూరులో ఎస్తేరు కుట్టుమిషను కొట్టుకు చేరాను. తాళం తీయడం, వేయడం తప్ప నాకు మరో విద్య లేదు. మనుషులు ఒప్పుకుంటేగా!

ఒకరోజు జాకెట్టు కుడుతూ కుడుతూ ఎస్తేరు కిందపడి గిలగిలా కొట్టుకుంది. "చేతిలో ఇనుము పెట్టండర్రా!" అని ఆమె అత్త సువార్తమ్మ కేక పెట్టింది. నలుగురు కలిసి బిగుసుకున్న పిడికిలి విప్పి నన్ను కుక్కారు. ఆ హడావిడిలో ఎస్తేరు తల మిషను కాలికి కొట్టుకోవడం ఎవరికీ పట్టలేదు. రెండు నిమిషాలకు మూర్ఛ దానంతటదే తగ్గింది, పేరు మాత్రం నాకొచ్చింది. అబద్ధమెందుకు, నేనూ కాస్త ఉబ్బాను.

సువార్తమ్మ నన్ను నల్లతాడుతో కోడలి మణికట్టుకు కట్టేసింది. "ఇది విప్పావంటే నా మీద ఒట్టే. కొట్టూ వద్దు, గిట్టూ వద్దు" అంది. తాళం చెవి చేతికే ఉంది, కొట్టు మాత్రం మూతపడింది. ఇచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వెనక్కి పట్టుకెళ్ళారు. ఎస్తేరు నన్ను తడుముకుంటూ అరుగు మీద కూర్చునేది. నేనుండగానే మూర్ఛ మరో రెండుసార్లు వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి ఎస్తేరే పట్టుబట్టి అత్తను వెంటబెట్టుకుని గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. స్కానింగు గది దగ్గర నర్సు నన్ను చూసి, "ఇనుము లోపలికి రాకూడదమ్మా" అంది. సువార్తమ్మ నన్ను గుప్పిట్లో పట్టుకుని బయట తలుపుకు అతుక్కుపోయి నిలబడింది. నేను లేకుండానే కోడలు నవ్వుతూ తిరిగొచ్చింది.

"మెదడులో పంది బద్దెపురుగు పిల్ల తిత్తి కట్టింది. ఫిట్స్ దానివల్లే" అన్నాడు డాక్టరు.

"మేం పందిమాంసం ముట్టనైనా ముట్టం బాబూ!" అంది సువార్తమ్మ.

"ముట్టకపోయినా వస్తుందమ్మా. ఆ పురుగు కడుపులో ఉన్నవాళ్ళు చేతులు సరిగ్గా కడుక్కోకపోతే దాని గుడ్లు తిండిలోకీ నీళ్ళలోకీ చేరతాయి. కొందరికి వెన్నుపాములో తిత్తి కట్టి కాళ్ళే పడిపోతాయి. ఈ అమ్మాయికి మందులతో తగ్గుతుంది. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి. మళ్ళీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో, నోట్లో ఏమీ పెట్టొద్దు."

బస్సెక్కగానే సువార్తమ్మ నన్ను మళ్ళీ కట్టేసింది. మందు మందే, ఇనుము ఇనుమేనట!

నెలలు గడిచాయి. మూర్ఛ మళ్ళీ రాలేదు. రెండో స్కానింగులో తిత్తి ఎండిపోయి చుక్కంత మిగిలింది. మందులు మానకుండా మిషను తొక్కుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ ఘనత కూడా నాదేనని సువార్తమ్మ వీధంతా చాటింది.

మర్నాడు పొద్దున్నే ఎస్తేరు కత్తెర తీసుకుని తాడు తెంపింది. నన్ను తాళంలో పెట్టి తిప్పింది. తుప్పు పట్టి మొరాయించాను గానీ, రెండు చుక్కల కొబ్బరినూనె పడగానే తిరిగాను. అంత హాయి ఎన్నడూ ఎరగను.

కాసేపటికి సువార్తమ్మ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. "ఎస్తేరూ, తాళం చెవి ఏదే?"

"తాళానికే ఉందత్తా. కొట్టు తీశాను."

సువార్తమ్మ కోడలి బోసి మణికట్టు వంక చూసింది. గడప మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయితే నా జాకెట్టు భుజాలు కాస్త వదులు చెయ్యి" అంది.