బావ చూసిన ఆకుపచ్చ స్తంభాలు

ఆ రోజు పొద్దుటి నుంచీ ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవదు, తెరిపి ఇవ్వదు. ఆఫీసు కిటికీ పక్కన కూర్చున్న రిపోర్టులాయన దానికేసి ఒకసారి విసుగ్గా చూసి, మళ్ళీ అంకెల్లోకి తల దూర్చాడు. జనం దాచుకున్న సొమ్ము తీసుకుని షేర్లలో, బాండ్లలో పెట్టి నడిపే కంపెనీ అది. మూడు నెలలకోసారి ఎవరి సొమ్ము ఏమైందో వాళ్ళకి రిపోర్టు పంపాలి. అవి తయారుచేయడమే అతని పని.

మధ్యాహ్నం దాటాక అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ కొట్టు అమ్మేస్తున్నారు. కొనే అతను సాయంత్రం బయానా తెస్తాడట. రాత్రికి నీ భోజనం ఇక్కడే."

"కొట్టు అమ్మేసి ఏం తింటారు?"

"నువ్వు పంపిన రిపోర్టు చూసే కదరా ఇదంతా! రెండేళ్ళలో సొమ్ము రెండింతలైందట. ఇంక మిషన్ తొక్కక్కర్లేదు, పెరిగేదాని మీద బతికేయొచ్చంటున్నారు. పొద్దున్నుంచీ ఒకటే ఈల."

అతను ఫోన్ పెట్టేశాడు. బావ ఖాతా తెరిచాడు. మొదటి పేజీ నిండా ఆకుపచ్చ స్తంభాలు, మెట్లు కట్టినట్టు ఒకదాన్ని మించి ఒకటి. సొమ్ము రెండింతలైన మాట నిజమే. కానీ బావ నెలనెలా కుట్టు మీద మిగిలిందల్లా తెచ్చి అందులోనే వేస్తున్నాడు. అది పక్కన పెట్టి లెక్క కడితే, వేసిన ప్రతి వందా తొంభై ఆరైంది. ఆ ముక్కా రిపోర్టులో ఉంది. ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో.

లేచి మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"సార్, వాళ్ళు వేసింది వేరు, పెరిగింది వేరు అని మొదటి పేజీలోనే చూపిద్దామని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను?"

"మళ్ళీ మొదలెట్టావా? ఖాతాలో ఎంత ఉందో అంతే చూపించాం. అబద్ధం ఉందా అందులో?"

"అబద్ధం లేదు సార్. చదివినవాడికి నిజమూ దొరకదు."

"ఆఖరి పేజీలో ఉందిగా. చదవొద్దని మనమేమైనా చెప్పామా?"

"ఎవరు చదువుతారు సార్ దాన్ని?"

"నువ్వు చదువుతున్నావుగా," అని మేనేజరు టీ కప్పు అందుకున్నాడు.

గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయం. అతను గొడుగు తీసుకుని, సెలవు కూడా అడక్కుండా బయటపడ్డాడు.

కొట్లో బావ మెడలో టేపు వేసుకుని, వాచిన మోకాలు స్టూలు మీద చాపుకుని ఈల వేస్తూ కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి మిషన్ తొక్కి తొక్కి వాచిన మోకాలు అది. కొనే అతను అప్పుడే వచ్చి గోడల చెమ్మ వేలితో నొక్కి చూస్తున్నాడు. అక్క గుండీల డబ్బాలు మూట కడుతోంది.

"రావయ్యా, మహాలక్ష్మి నీ వెంటే వస్తుంది!" అన్నాడు బావ.

"బావా, కొట్టు అమ్మకు. నీ సొమ్ము పెరగలేదు."

"రెండింతలైందని నువ్వే పంపావుగా?"

"అయింది."

"మరి పెరిగినట్టేగా?"

"పెరగలేదు బావా!"

"అయిందంటావు, పెరగలేదంటావు. దారిలో ఎక్కడైనా తల తగిలిందా?"

"నీ జమలు తీసేసి రాబడి రేటు చూస్తే..."

"నా జమలు ఎందుకు తీస్తావు? కష్టపడి వేసుకున్నాను!"

అతని తల ప్రాణం తోకకొచ్చింది. కొనే అతను గడియారం చూసుకున్నాడు. "మీరూ మీరూ తేల్చుకోండి. నేనలా టీ తాగి వస్తాను."

"మనిషికి అర్థమయ్యేలా చెప్పి ఏడవరా!" అంది అక్క మూట వదిలేసి.

అతను సుద్దముక్క తీసుకుని కత్తిరింపు బల్ల మీదే ఆ స్తంభాలు గీశాడు. ఒక్కో స్తంభం దగ్గర బావ అప్పటిదాకా వేసిందెంతో అడ్డంగా గీత పెట్టుకుంటూ వచ్చాడు. ప్రతిసారీ గీత స్తంభాన్ని దాటి పైకే పోయింది. బావ వంగి చాలాసేపు చూశాడు. పెదాల మీది ఈల ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

"అంటే," అన్నాడు చివరికి, "ఇంట్లో తానులు నేనే మోసుకొచ్చి, ఈ బీరువాలో నేనే సర్ది, బీరువా నిండుతోందని మురిసిపోయానన్నమాట."

"అంతే బావా."

"లోపల పురుగు కూడా కొడుతోందన్నమాట."

"వందకి నాలుగు."

"ఈ రెండేళ్ళలో ఆ మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"ఆఖరి పేజీలో ఉంది బావా," అన్నాడు అతను. అనేశాక, మేనేజరు మాటే తన నోట్లోంచి ఊడిపడిందని తెలిసింది. తల దించుకున్నాడు.

బావ లేచాడు. టీ తాగి వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపి, "ఇప్పుడు అమ్మడం లేదు బాబూ, ఏమీ అనుకోకు," అన్నాడు. ఆ మనిషి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అక్క మూట విప్పి, డబ్బాలు ఒక్కొక్కటే అరలో పెట్టింది. ఒక్కో డబ్బా పెట్టినప్పుడల్లా కాస్త గట్టిగానే చప్పుడైంది. బావ మిషన్ దగ్గరికి జరిగి, అక్కడ సగం కుట్టి వదిలేసిన చొక్కా చేతిని సూది కిందికి తోశాడు. మోకాలు కలుక్కుమన్నట్టుంది, ఒకసారి కళ్ళు మూసుకుని మళ్ళీ తొక్కాడు.

రాత్రి ఇంట్లో అక్క ముగ్గురికీ కంచాలు పెట్టింది. బావకి కాలు ముడవడం లేదు. పక్కకి చాపుకుని కూర్చున్నాడు. ఆ కాలు తగలకుండా అతను కాస్త జరిగి కూర్చున్నాడు. అక్క అడక్కుండానే ఇద్దరికీ రెండోసారి వడ్డించింది. మంచినీళ్ళ చెంబు కావాల్సి బావ చెయ్యి చాపాడు. అతను అందించాడు. బావ తీసుకున్నాడు, అతని మొహంలోకి మాత్రం చూడలేదు. ముగ్గురూ తల వంచుకుని తింటూనే ఉన్నారు.