పేరు గీకిన గిన్నె

లాడ్జి గదిలో సాంబయ్య మొదట చూసింది దిండును. దాని మీద ఎవడిదో నూనె తల గుండ్రంగా అచ్చు పడి ఉంది. దుప్పటి ఎత్తితే వెంట్రుకలు. తలుపుకు లోపలి గడియ లేదు. అది ఉండాల్సిన చోట రెండు మేకుల రంధ్రాలు మిగిలాయి.

"గడియ ఏది?"

"ఎవలస్తరే? గీ సమ్మెల జగిత్యాలకు దొంగలు గూడ అస్తలేరు," అన్నాడు లాడ్జి గుమస్తా విఠల్. "పేరు, ఊరు చెప్పు, రాసుకుంట. గంతకన్న ఒక్క మాట ఎక్కువడుగ."

సాంబయ్య పేరు చెప్పకుండానే మెట్లు దిగాడు. నాలుగేళ్ల కింద కరీంనగర్లో ఇలాంటి గదిలోనే భార్య ముత్తవ్వను ఉంచాడు. కడుపు ఆపరేషన్. కుట్లకు చీము పట్టింది. పదో రోజు పోయింది. డాక్టరు ముఖం అతనికి గుర్తు లేదు. ఆ దుప్పటి మీది మరకలు మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటీ గుర్తే.

ఇప్పుడు బిడ్డ ప్రీతికి అదే కడుపు ఆపరేషన్ అయింది. నర్సింగ్ హోంలో మంచం ఖాళీ చేయమన్నారు. ఏడో రోజు కుట్లు విప్పేదాకా రోజూ కట్టు మార్చాలి, గతుకుల రోడ్డు మీద ప్రయాణం వద్దే వద్దు అన్నారు. ఆటోలో కోరుట్ల దాకా తీసుకుపోలేడు. సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. కోరుట్ల డిపోలో బస్సులాపి టెంటు కింద కూర్చున్న డ్రైవర్లలో అల్లుడు ప్రభుదాస్ ఒకడు. అల్లుడు ఆపిన బస్సుకు మామ జగిత్యాలలో చిక్కుకున్నాడు.

నర్సింగ్ హోం ఆయా మొగిలవ్వ దారి చూపింది. ఆమెదీ సాంబయ్య కులమే. "ఎనుక గల్లీల కిష్టవ్వ పటేలమ్మ ఇల్లున్నది. కొడుకు దుబాయిల ఉంటడు. పేషెంట్లకు రూం ఇస్తది. అద్దం లెక్కుంటది," అంది. కొంచెం ఆగి, "ఏమన్న అడిగితే చూసి చెప్పు," అంది.

గది నిజంగా అద్దమే. బండల మీద తడి ఇంకా ఆరలేదు. పసుపు వాసన, ఫినాయిల్ వాసన. మంచం మీద ఉతికిన దుప్పటి మడతలతో ఉంది. తలుపుకు బొటనవేలంత లావు ఇనుప గడియ. సాంబయ్య దాన్ని రెండుసార్లు వేసి తీశాడు.

కిష్టవ్వ గడప అవతల నిలబడి ఉంది. "మనోళ్లేనా?" అని అడిగింది.

సాంబయ్య దుప్పటి వైపు చూశాడు.

"మనోళ్లే, అక్కా."

ముస్తాబాద్ దగ్గరి తన ఊళ్లో పటేళ్ల ఇంటికి పోతే ఇప్పటికీ వాకిట్లోనే నిలబడతాడు. అక్కా అన్న పిలుపు ఆ ఇళ్లలో ఎన్నడూ అతని నోట రాలేదు.

అబద్ధమాడింది ఒక్క మాట. దానికి కాపలా మాత్రం పొద్దంతా. ప్రీతి మెడలోని సిలువ దిండు గలీబులోకి పోయింది. ఆమె ప్రార్థన పెదాలు కదలకుండా దుప్పటి కింద నడిచింది. ప్రభుదాస్ ఫోన్ చేశాడు.

"బండి మీద అస్త మామా."

"రాకు."

"నా భార్యను నేను సూడద్దా?"

"గుమ్మంల నీ పేరడిగితే ఏం చెప్తవ్?"

"లాడ్జిలనే ఉండకపోతిరి. గాడ మన పేరు మనం చెప్పుకునేటోళ్లం గద."

"మీ అత్త గూడ గట్ల చెప్పుకునే పోయింది," అని సాంబయ్య ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు బంద్. హోటళ్లు మూశారు. టీ కొట్లు మూశారు. కాగిన నీళ్లు తప్ప తాగించొద్దని నర్సు చెప్పింది. "గిన్నె తే, పోస్త," అంది కిష్టవ్వ వంటింట్లోంచి.

ఉన్నది ఒక్కటే గిన్నె. ప్రీతి పెళ్లికి ముత్తవ్వ సిరిసిల్ల బజారులో కొని, అంచు కింద చుక్కచుక్కగా పేర్లు కొట్టించింది. ముందు చిన్న సిలువ, తర్వాత 'ప్రభుదాస్ ప్రీతిలకు, అమ్మ ముత్తవ్వ'. ఆమెకు చదువు రాదు. చివరి మాట మీద వేలు పెట్టి, "గిది నేనేనా?" అని దారి పొడుగునా అడిగింది. అయిదో తరగతి చదివిన సాంబయ్య ప్రతిసారీ ఊఁ అన్నాడు.

ఆ రాత మీద అరచెయ్యి కప్పి గిన్నె పట్టాడు. కిష్టవ్వ గిన్నెకు తగలకుండా పైనుంచి ధారగా పోసింది. వేడి తగలకుండా దూరం ఉంటోందనుకున్నాడు. స్టీలు కాలింది. చెయ్యి తియ్యలేడు, గిన్నె వదల్లేడు. చివరికి చెయ్యి దానంతటదే జరిగింది. కిష్టవ్వ ఆ రాత వైపు ఒకసారి చూసి, గిన్నె నిండేదాకా పోసింది.

ఆ సాయంత్రం స్నానాలగదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడు చాటున మేకుతో గీకాడు. సిలువ పోయింది. ప్రభుదాస్ పోయాడు. ముత్తవ్వ పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఏ కులంలోనైనా అవ్వలుంటారు, ఈ ఒక్క పేరు ఉంటే ఏమవుతుంది అనుకున్నాడు. కానీ సగం గీకి సగం వదిలితే అడగరా? దాన్నీ గీకి, ఇటుక పెంకుతో రుద్దాడు.

రాత్రి ప్రీతి నీళ్లు తాగి గిన్నె అంచు తడిమింది. "బాపూ, అమ్మ పేరేది?"

"పండుకో."

ఆపరేషనైన అయిదో రోజు కట్టు మార్చిన నర్సు కుట్లు పొడిగా ఉన్నాయంది. ఇంకో రెండు రోజులు. సాంబయ్య గిన్నె పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వెళ్లాడు.

"గిన్నెకు పేర్లుండె గద, ఎందుకు గీకినవ్?" అంది కిష్టవ్వ, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే.

"పాతయి, అక్కా."

"సిలువ గూడ పాతదేనా?"

సాంబయ్య గీకిన చోటును అరచేత్తో కప్పాడు.

"మీరు రాకముందే మొగిలవ్వ చెప్పింది, సాంబయ్యా. నాకెరుకే."

"మరి మనోళ్లేనా అని ఎందుకడిగినవ్?"

"నువ్వు నీ నోటితోని అనాలె గద. రేపు వాడకట్టోళ్లు నిలదీస్తే, గాయినె గట్ల చెప్పిండు, నాకేమెరుక అంట. సమ్మెల రూం ఖాళీగుంటే నాకెట్ల గడువాలె?" ఆమె గొంతులో కోపం లేదు, సిగ్గూ లేదు. "మీరు పోయినంక పసుపునీళ్లతోని గోడల దాక కడుగుత. మీకు ముందున్నోళ్లు పోయినంక గూడ గట్లనే కడిగిన. లాడ్జోళ్లు కడుగరు. గంతే తేడా."

మొదటి రోజు తడి ఆరని బండలు సాంబయ్య కళ్ల ముందు మెదిలాయి.

"అక్కా అనుడు మాత్రం ఇడువకు. పక్కింటోళ్లు ఇంటరు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ప్రీతి నిద్రపోతోంది. దుప్పటి మీద ఒక్క మరక లేదు. లాడ్జి నాలుగు అడుగుల దూరం, అక్కడ పేరు అడిగి రాసుకుంటారు. అక్కడి దిండు మీది నూనె తల ఇంకా అలాగే ఉంటుంది. ఇంకా రెండు రోజులు. కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. బయట ఊరేగింపు గల్లీ దాటుతూ జై తెలంగాణ అని అరిచింది.

"పోయాల్నా, వద్దా? చెయ్యి గుంజుతాంది," అంది కిష్టవ్వ, కాగిన నీళ్ల తపేలా ఎత్తి పట్టుకుని.

సాంబయ్య గడప ఇవతలే నిలబడి గిన్నెను రెండు చేతులా ముందుకు చాచాడు. గీకిన చోటు మిగతా స్టీలు కన్నా ఎక్కువ మెరిసింది.

"పొయ్యి, అక్కా," అన్నాడు, పక్కింటికి వినపడేలా.