ఇరవై మూడో నంబరు వంతు

నాకు కోపం ఎక్కువ. ఈ చిన్న బడిలో గచ్చు కడిగి గంట కొట్టే పనిలో చేరి పద్దెనిమిదేళ్ళయింది. అప్పటినుంచీ ఎదురుపడినప్పుడల్లా ప్రిన్సిపాలమ్మది ఒకటే మాట: "ఆయమ్మా, నీ కోపం తగ్గాలని ప్రార్థన చేస్తున్నా." ఆ ప్రార్థన ఇంకా పైకి చేరినట్టు లేదు.

ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. రోజూ గంట కొట్టగానే హాజరుపట్టీ వరసలో ఒకరు ముందుకొచ్చి, ఎవరూ రాసివ్వకుండా, సొంత మాటల్లో దేవుడికి వందనాలు చెప్పాలి. ఈ సోమవారం మూడో తరగతి ఇరవై మూడో నంబరు వంతు. అది నా కూతురి కూతురు. వారం రోజులు ఇంట్లో గోడకెదురుగా నిలబడి చెప్పుకుంది: "ప్రభువా, మా అమ్మమ్మ మా బడి బాత్రూములు శుభ్రంగా కడుగుతుంది. అందుకు నీకు వందనాలు."

శుక్రవారం క్లాసులోనూ చెప్పి చూపించిందట. సోమవారమేమో చర్చి పెద్దలు బడి చూడటానికి వస్తున్నారు. పొద్దున్నే నేను వరండా తుడుస్తుంటే పిల్ల ఏడుస్తూ వచ్చింది.

"నన్నొద్దని ఇరవై నాలుగో నంబర్ని చెప్పమన్నారు. నేనేం తప్పు చేశాను అమ్మమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చీపురు అక్కడే పడేసి ప్రిన్సిపాలమ్మ గదికి వెళ్ళాను.

"పెద్దవాళ్ళ ముందు బాత్రూముల మాటేం బాగుంటుంది ఆయమ్మా? రేపు చెప్తుందిలే."

"నేను కడిగితే బాగుంటుంది, అది చెబితే బాగోదా మేడమ్?"

"పొద్దున్నే గొడవ పెట్టుకోకు. వెళ్ళి గంట కొట్టు."

వెళ్ళాను. పిల్లలు వరసల్లో నిలబడ్డారు, పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. నేను సుత్తి పట్టుకుని గంట కింద నిలబడ్డాను. కొట్టలేదు. గంట మోగందే మా బడిలో ప్రార్థన మొదలుకాదు. ప్రిన్సిపాలమ్మ కళ్ళెర్రజేసింది. నేను చూడనట్టే ఊరుకున్నాను. ఉద్యోగం ఊడితే ఊడనీ, ఇంటికెళ్ళి ఆ పిల్ల మొహం చూడొద్దూ? ఒక పెద్దాయన వాచీ చూసుకున్నాడు.

చివరికి ఆవిడే నా దగ్గరికొచ్చింది. "పిలువు నీ మనవరాల్ని" అంది పళ్ళు బిగించి.

ఠంగుమని కొట్టాను.

పిల్ల ముందుకెళ్ళి కళ్ళు మూసుకుంది. గోడకి చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పింది. ఇక ఆమెన్ అంటుందనుకుంటే ఆగింది.

"ప్రభువా, అమ్మమ్మ కోపం తగ్గించమని మేడమ్ నిన్ను అడుగుతున్నారు కదా. దయచేసి తగ్గించకు."

పిల్లలందరూ అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అలవాటు కొద్దీ మాత్రం కాదు.