వీపు గోడకి ఆనే కుర్చీ

కుర్చీ మెత్తన, ప్లగ్గు మోచేతి పక్కనే, పాటల గోల తక్కువ, అని ఈ షాపు గురించి రాద్దామనుకుంటూ కప్పు అందుకున్నానో లేదో దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో పిట్ట అని రాసి ఉంది, ఈ ఊళ్లో నేనెవరికీ చెప్పని పేరు, కౌంటర్ దగ్గర చెప్పింది వేరే పేరు, షాపుకో పేరు చెప్పడం నాకలవాటు, ఇది మాత్రం అన్నం తినదు పిట్టలా గింజలేరుతుంది అని అమ్మ పెట్టిన పేరు, అమ్మ పోయాక తమ్ముడికి నేను ఉత్త అక్కనే, ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కడే మిగిలాడు, మా ఆయన, అదీ మామూలప్పుడు కాదు, చెయ్యి లేచే ముందు, పిట్టా ఇలా రా, అని వెన్నపూసలాంటి గొంతుతో, ఆ గొంతు వింటే వంటగదిలో నా కాళ్లు నేలకి అతుక్కుపోయేవి, ఇప్పుడూ అతుక్కుపోయాయి, కప్పు తిప్పి పేరున్న వైపు గోడకి పెట్టాను.

తలెత్తకు, స్క్రీన్ చూడు, పని చేస్తున్నట్టు కనబడు, యంత్రం నీళ్లు వదలకపోతే ముందుగా వెనక గొట్టం మెలి తిరిగిందేమో చూడండి, నా ఉద్యోగం ఇదే, బట్టలుతికే యంత్రాలతో పాటు పెట్టెలో పడేసే వాడుక పుస్తకాలు రాయడం, ఎవరూ చదవనివాటికి జీతమిస్తారా అక్కా అని తమ్ముడు ఏడిపించేవాడు, నువ్వు చేసిన కుర్చీకి ఎవరైనా దణ్ణం పెట్టి కూర్చుంటార్రా, ఇదీ అంతే అనేదాన్ని, వాడు వడ్రంగి, నాకు లోకంలో మిగిలిన రక్తసంబంధం, ఇల్లు వదిలిన రోజు వాడిక్కూడా చెప్పలేదు, తెలియనివాడి నోట్లోంచి మాట జారదు కదా, అద్దె గదిలో కూర్చుని పని చేద్దామంటే మెట్ల మీద అడుగు వినపడగానే లేచి తలుపు గడియ మళ్లీ చూసుకునేదాన్ని, నలుగురూ ఉన్నచోట ఎవరూ చెయ్యెత్తరని కాఫీ షాపుల్లో పడ్డాను, ఒక్కచోట స్థిరంగా ఉందామన్నా కుదరదు, మీరెప్పుడూ తాగేదేనా మేడం అని కౌంటర్ పిల్ల అడిగిందంటే నేను గుర్తుండిపోయానన్నమాట, మర్నాడు ఇంకో షాపు, అలా ఊళ్లో షాపులన్నీ చుట్టుకుంటూ వచ్చాను, చుట్టుకుంటూ వచ్చినదాన్ని నోరు మూసుకుని ఉండొద్దా, నాలాగే ల్యాప్‌టాప్ సంచీ వేసుకు తిరిగేవాళ్ల కోసం ఒక సైటుంది, ఎక్కడ ప్లగ్గులున్నాయి, ఎక్కడ ఒక్క కాఫీతో పూటంతా కూర్చోనిస్తారు, అందులో మారుపేరుతో రాస్తున్నాను, బాగుందని చాలామంది మెచ్చుకున్నారు కూడా, చాలాకాలం తర్వాత నన్నెవరో మెచ్చుకున్నారు, అదే కొంప ముంచిందా.

అమ్మా ఇది నా కప్పేనా, బల్ల తుడవడానికొచ్చిన కౌంటర్ పిల్లని మామూలుగా అడిగాను, మీదే మేడం, ఆయన రాయించారు, ఆయనంటే, అదే మీ ఇంటాయన అన్నారు, మీ ఇంటివాళ్లమన్నారో మరి, టోపీ పెట్టుకున్నాయన, ఆటపట్టిద్దామని అన్నారు, అటు బాత్రూముల వైపు వెళ్లారు, ఏం మేడం మీవాళ్లు కాదా, ఆ పిల్ల నవ్వు సగంలో ఆగింది, మావాళ్లేలే అన్నాను, ఎందుకన్నానో, దెబ్బ తగిలినప్పుడల్లా తలుపుకి కొట్టుకున్నానని చెప్పిన నోరు కదా, దానికదే చెప్పేస్తుంది, కానీ మా ఆయన టోపీ పెట్టడు, జుట్టంటే ప్రాణం, చావుకి వెళ్లినా దువ్వెన జేబులో ఉండాల్సిందే, మరి ఈ టోపీ ఎవరు, ఎవరినైనా పంపాడా, అద్దంలోంచి వీధిలోకి చూశాను, చూడకుండా ఉంటే బాగుండేది, ఎదురు వరుసలో తెల్ల కారు, తెల్ల కార్లు లక్ష ఉంటాయి, ఎడమ పక్క అద్దానికి నల్ల టేపు చుట్టిన తెల్ల కారు ఒక్కటే, ఆ అద్దం విరిగింది నా మోచేతి మీద, కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వేలాడుతూ తలుపు మీద దరువేస్తోంది, తీరిగ్గా, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నుయ్యి కారులో కూర్చుంది, గొయ్యికి టోపీ ఉంది, వచ్చేవాళ్లని ముందుగా చూడాలని ప్రతిచోటా వీపు గోడకి ఆనే కుర్చీ, వీధికి ఎదురుగా, ఏరికోరి పట్టుకునేదాన్ని, బయటివాడు నన్ను చూడటానికి అంతకంటే మంచి కుర్చీ ఇంకోటి లేదని ఇన్నాళ్లూ తట్టలేదు.

అరిస్తేనో, అరిస్తే ఏమని, కారులో మొగుడున్నాడనా, పక్క బల్ల దగ్గర బట్టతలాయన ఫోన్లో ఎవరితోనో వాయిదా గురించి బతిమాలుకుంటున్నాడు, ఎవరి గొడవ వాళ్లది, అప్పుడు బాత్రూముల సందు మలుపులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, మనిషి లేడు, చెయ్యొక్కటే, రా అన్నట్టు వేళ్లు మడుస్తోంది, బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది, సుత్తి దెబ్బ, ఆ గోరు నాకు తెలుసు, పని నేర్చుకున్నప్పటి నుంచీ ఎప్పుడూ అలాగే ఉంటుంది, మొదటి దెబ్బకి ఊదుతూ మందు రాసింది నేనే, తమ్ముడు, మరి కారు, తమ్ముడు, రెండూ ఒకేసారి ఎలా, ల్యాప్‌టాప్ మూసి సంచీలో పెట్టబోయి ఆగాను, బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంటే మనిషి మళ్లీ వస్తుందని అర్థం, షాపుల్లో పని చేసేవాళ్లందరికీ తెలిసిన లెక్క, కారులోంచి చూసేవాడికీ అలాగే అర్థమవుతుంది, అలాగే ఉంచి, అన్నగారూ కాస్త చూస్తుంటారా ఇప్పుడే వస్తాను అన్నాను, చూస్తా చూస్తా, తొందరేం లేదు వెళ్లిరామ్మా అన్నాడు బట్టతలాయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, నడిచాను, పరిగెత్తకూడదు, నడుస్తుంటే బుర్రలో ఒక్కొక్కటే బిగుసుకుంటూ వచ్చింది, ఫలానా షాపు కుర్చీ గింజలేసి గూట్లో కూర్చోపెట్టినట్టుంటుంది అని రాశాను, ఆ మాట మా అమ్మది, మా ఇంట్లో తప్ప ఎవరూ అనరు, మా ఆయన జన్మలో నాలుగు ముక్కలు కుదురుగా చదవలేదు, నేను రాసిందాంట్లో అమ్మ గొంతు వినగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే, నన్ను వెతికి పట్టుకుంది ఆయన కాదు.

టోపీ చేతిలో నలుపుతూ గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు, మీసాలొచ్చిన మొహం చిన్నప్పుడు గాజు పగలగొట్టిన మొహంలా ఉంది, వాడే మొదలుపెట్టాడు, నేనే చెప్పానక్కా, నీ రాతలు చూసి పోల్చుకున్నాను, ఊళ్లో నువ్వింకా రాయని షాపు ఇదొక్కటే మిగిలింది, బావ మా వాకిట్లో కూర్చుని ఏడ్చాడు, మారిపోయానన్నాడు, మగాడు అంత ఏడిస్తే నిజమనుకున్నాను, నీ కాపురం నిలబెడుతున్నాననుకున్నాను, ఇప్పుడు కూడా నన్ను లోపలికి పంపింది ఆయనే, మెల్లగా మాట్లాడి బయటికి తీసుకురా అని, నీ బల్ల దగ్గరికొచ్చి బయటికి రావద్దని చెబితే కారులోంచి ఆయనకి కనిపిస్తుంది, ఆ పేరు చూస్తే నువ్వే లేస్తావని రాయించాను, భయపెట్టాను, తెలుసు, వినక్కా, నిన్న మీ ఇంటికి పిలిచాడు, పడగ్గదికి కొత్త గడియ కావాలన్నాడు, బిగించాను, పొద్దున్న మళ్లీ పిలిచి తిట్టాడు, లోపలివైపు ఎవడు పెట్టమన్నాడ్రా, బయటివైపు పెట్టు, కిటికీకి కూడా చెక్క కొట్టెయ్ అన్నాడు, అప్పటికీ నాకు పూర్తిగా ఎక్కలేదక్కా, మేకులు కొడుతూనే ఉన్నాను, ఆఖరి మేకు కొట్టాక గది చీకటయ్యింది చూడు, అప్పుడర్థమైంది, ఆ గది చేసింది నేనే, నా చేతుల్తోనే.