అడుగు అతికించిన కూజా

సెయింట్ ఒడీల్ బంగళా ముందు కారు ఆగగానే వెర్నెల్ అద్దంలో చూసుకుని పెదాలకు రంగు దిద్దుకుంది. పక్క సీట్లో ఆమె తల్లి ఆర్థెమీజ్ మెత్తటి చెప్పులు విప్పేసి రబ్బరు బూట్లు తొడుక్కుంది. అరవై రెండేళ్ల కూతురు బంగళా చూడడానికి వచ్చింది. ఎనభై ఆరేళ్ల తల్లి శ్మశానం చూడడానికి వచ్చింది. రెండూ ఒకే గేటు లోపల ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ తల్లీకూతుళ్లు బాటన్ రూజ్ దాటేలోపే పోట్లాడుకుని కారు వెనక్కి తిప్పేవాళ్లు.

"ఏంటమ్మా ఆ బూట్లు? ఆ బురదకాళ్లతో బంగళాలోకొస్తావా?"

"నేనెందుకొస్తానే బంగళాలోకి? దాని కిటికీ అద్దాలు పన్నెండేళ్లు తుడిచాను. ఇంకా తనివి తీరలేదనుకున్నావా?"

"పదేళ్లు కష్టపడి బాగుచేశారంట. ఎక్కడెక్కడి జనమో వచ్చి చూస్తున్నారు."

"చూడనీ పాపం. వాళ్లు తుడవలేదుగా."

తల్లితో మాటకు మాట పెట్టుకుని గెలిచినవాళ్లు ఆ వంశంలో ఎవరూ లేరు.

అసలు సంగతి మినెట్. మినెట్ ఆర్థెమీజ్ తొలిచూలు బిడ్డ. మూడేళ్లు నిండకుండానే జ్వరం వచ్చి పోయింది. బంగళా వెనక, చెరుకుతోటకూ కాలవకూ మధ్య, తాతల కాలం నుంచీ ఆ చెరుకులోనే పుట్టి ఆ చెరుకులోనే పోయినవాళ్ల పక్కన దాన్ని పాతిపెట్టారు. ప్రతి ఏడూ సకల పునీతుల పండగకు, పోయినవాళ్లను తలుచుకునే ఆ రోజున, ఆర్థెమీజ్, ఆమె భర్త ఆల్సీ వెళ్లి కొయ్యసిలువకు సున్నం వేసి వచ్చేవారు. వెర్నెల్‌కు నాలుగేళ్లప్పుడు తోట చేతులు మారింది. కూలీలను ఖాళీ చేయించి గేటుకు తాళం వేశారు. తర్వాత ఆల్సీ పోయాడు. ఇరుగుపొరుగు ముసలివాళ్లూ ఒక్కొక్కరే పోయారు. ఆ సమాధి ఎక్కడుందో తెలిసిన మనిషి భూమ్మీద ఇప్పుడు ఆర్థెమీజ్ ఒక్కతే. ఆమె కళ్లకు ఏడాదిగా పొరలు కమ్ముతున్నాయి.

"నేను పోతే ఆ పిల్ల ఎక్కడుందో చెప్పేవాళ్లుండరు. ఒక్కసారి నన్ను తీసుకెళ్లవే," అని ఆమె ఏడాది నుంచీ పోరుతోంది. ఆ మాటలో కూతురి చెవిన పడేది "నేను పోతే" అన్న ముక్క ఒక్కటే. వినపడినప్పుడల్లా వెర్నెల్‌కు ఒళ్లు మండేది. తనకు ఒక అక్క ఉండేదనీ, పోయిందనీ తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. బంగళా చూసినట్టూ ఉంటుంది, ఈ పోరూ వదులుతుందని ఇవాళ బయల్దేరింది.

వరండాలో టికెట్లు చూస్తున్న కుర్రదాని వెనక నుంచి ముప్పై ఏళ్ల అమ్మాయి ఒకతె వచ్చి పలకరించింది. పేరు కొరిన్. బంగళాలోని పాత సామానుకంతా ఆమే బాధ్యురాలు. ఆర్థెమీజ్ ఇక్కడే, వెనక కూలి ఇళ్లలో పుట్టిందని తెలియగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"మిస్ ఆర్థెమీజ్, మీలాంటి వాళ్లకోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నానండీ! లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని."

"కాఫీ తర్వాత తాగుదాం పిల్లా. ముందు నన్ను మా వాళ్ల దగ్గరికి తీసుకెళ్లు."

కొరిన్ చెయ్యి అందించింది. వెర్నెల్ బంగళా మెట్ల వైపు ఒకసారి బాధగా చూసి, ఎత్తుమడమల చెప్పులతో గడ్డిలో టకటకమనలేక కూరుకుపోతూ వెనకే నడిచింది. దారి పొడుగునా తల్లి నోరు ఆగలేదు. పెకాన్ చెట్టు నుంచి తోటవైపు తిరిగితే అంకుల్ దోస్తె గడియారం కనిపిస్తుందనీ, అది దాటితే నీలం పళ్లేలు ఉన్నది బాప్టిస్ట్ వాళ్ల కవలలదనీ, దాని పక్కనే మినెట్ అనీ. ఆమె కళ్లు మసకలే గానీ జ్ఞాపకానికి ఏ పొరా కమ్మలేదు.

శ్మశానం ఎంత శుభ్రంగా ఉందంటే, ఆర్థెమీజ్‌కు ఊపిరి ఆగినంత పనైంది. చుట్టూ తెల్ల కంచె. లోపల కత్తిరించిన పచ్చగడ్డి. మధ్యలో మంచి రాతిపలక. ఇక్కడ నిద్రిస్తున్నవారి పేర్లు మనకు తెలియవు అని దానిమీద చెక్కి ఉంది. కొయ్యసిలువలు పుచ్చి మట్టిలో కలిసిపోయాయి. పెకాన్ చెట్టు లేదు.

"చెట్టేదీ?"

"ఏదో తుఫానులో పడిపోయిందటండీ, మేం రాకముందే."

"పోనీలే. మరి సామానేదీ?"

"ఏం సామానండీ?"

"సమాధుల మీద సామాను. కప్పులు, పళ్లేలు, గడియారం, దీపం చిమ్నీలు."

కొరిన్ నవ్వబోయి ఆగిపోయింది. "పగిలిన పింగాణీ చాలా దొరికిందండీ. అంతా పగిలిందే. ఎవరో ఇక్కడ చెత్త పారబోసేవాళ్లేమో అనుకున్నాం. ఊళ్లో పిల్లలందరూ వచ్చి, రెండు ఆదివారాలు ఏరి శుభ్రం చేశారు."

ఆర్థెమీజ్ అక్కడే గడ్డిలో కూలబడింది. వెర్నెల్ కంగారుగా వంగింది. "అమ్మా! ఏమైంది, కళ్లు తిరుగుతున్నాయా?"

"మాకు రాళ్లు చెక్కించుకునే తాహతు లేదు పిల్లా," అంది ఆర్థెమీజ్, కూతురితో కాదు, కొరిన్‌తో. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "మనిషి ఆఖరున ఏది వాడితే అది పైన పెట్టేవాళ్లం. అది చూసే ఎవరెక్కడున్నారో చెప్పుకునేవాళ్లం. చెత్త కాదు తల్లీ."

కొరిన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. చూస్తున్న వెర్నెల్‌కే జాలేసింది. మంచి చేద్దామని వచ్చి ఊరు మొత్తం పేర్లు తుడిచేసిన పిల్లను ఏమని తిట్టాలి?

"అన్నీ పారేయలేదండీ," అంది కొరిన్ చివరికి. "అతకడానికి వీలున్నవి అతికించాను. ఆ చివరి ఇంట్లో ఉన్నాయి. రండి, దయచేసి ఒక్కసారి రండి."

కూలి ఇళ్లలో ఒకదాన్ని పాతకాలంలో ఉన్నట్టే సర్దిపెట్టారు. మంచం, పొయ్యి, బల్ల. బల్ల మీద నలుగురు భోజనానికి కూర్చోబోతున్నట్టు పళ్లేలూ కప్పులూ. చచ్చినవాళ్ల సామానుతో బతికున్నవాళ్లకు భోజనాలు వడ్డించారని అర్థం చేసుకుని ఆర్థెమీజ్ గుమ్మంలోనే సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత లోపలికి వెళ్లి, ఒక్కొక్కటీ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూడడం మొదలుపెట్టింది. నాలుగోది ఎర్ర కోడిపుంజు బొమ్మ ఉన్న తెల్లటి చిన్న పాలకూజా.

కూజా మూతిని బొటనవేలితో తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇదిగో, మినెట్‌ది," అంది. "జ్వరంలో తల ఎత్తలేకపోయేదే. చెంచాతో పోస్తే పక్కకు కారిపోయేది. ఈ మూతి పెదాలకు ఆనిచ్చి చుక్క చుక్కా పోసేదాన్ని. నీళ్లకోసం కాదు, ఆ కోడిపుంజుకోసం తాగేది. కోడి తాగిందా అని అడిగేది. తాగింది తల్లీ, ఇప్పుడు నువ్వు తాగు అనేదాన్ని."

అరవై రెండేళ్లలో తల్లి నోట మినెట్ మాట్లాడిన మాట ఒక్కటి కూడా వెర్నెల్ వినలేదు. అక్క అంటే ఆమెకు ఇన్నాళ్లూ ఉత్త పేరు. కోడి తాగిందా అని అడిగిన పిల్ల ఇప్పుడు ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చి నిలబడినట్టైంది. కన్నీళ్లు తుడుచుకోవడంలో వెర్నెల్ పెదాల రంగు గడ్డం మీదికి ఎప్పుడు పాకిందో ఆమెకే తెలియదు.

కొరిన్ మాత్రం కూజా అందుకుని దాని పిడి కింద అంటించిన చిన్న అంకె చూసింది. చదువుకున్నవాళ్లలో కొందరికి ఒక జబ్బు ఉంటుంది. చెత్త అనుకున్నదాన్ని కూడా ఎక్కడ దొరికిందో రాసుకోకుండా ఎత్తరు. కొరిన్ ఆఫీసుకు పరుగెత్తింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో గళ్లు గీసిన పటం, ఒక చేతిలో కొలత టేపు.

"నూట నలభై ఒకటి," అంది రొప్పుతూ. "ఉత్తరం కంచెకు పంతొమ్మిది అడుగులు. కాలవ వైపు కంచె స్తంభానికి ఏడడుగులు. అన్నీ ఉన్నాయండీ, ప్రతి ఒక్కటీ ఎక్కడ దొరికిందో రాసి ఉంది! గడియారం కూడా. మీరు పేర్లు చెబితే చాలు."

వెర్నెల్ చెప్పులు విప్పి చేత పట్టుకుంది. టేపు ఒక కొస తాను పట్టుకుని, ఒక కొస కొరిన్‌కు ఇచ్చింది. కంచె నుంచి ఒకసారి, స్తంభం నుంచి ఒకసారి కొలిచారు. రెండు కొలతలూ కలిసినచోట వెర్నెల్ మోకాళ్లమీద కూర్చుని గడ్డిమీద చెయ్యి ఆనించింది.

"ఇక్కడమ్మా."

ఆర్థెమీజ్ వచ్చి పక్కన చతికిలబడింది. చుట్టూ చూసింది, కాలవ గట్టును చూసింది, తలూపింది. అవును, ఇక్కడే. కూజాను ఒళ్లో బోర్లా పెట్టుకుని అడుగు తడిమితే చేతికి నున్నగా తగిలింది.

"ఎవరతికించారిది?"

"నేనేనండీ," అంది కొరిన్. "అడుగు మొత్తం పోయింది. మూడు వారాలు పట్టింది."

"మంచి పనితనం. అతుకే తెలియట్లేదు. కానీ ఇది దానంతటది పగల్లేదు పిల్లా. మా ఆయన పగలగొట్టాడు."

"ఎందుకమ్మా?" అంది వెర్నెల్.

"పోయినవాళ్ల వెంట ఇంట్లోవాళ్లు ఇంకొకరు పోకుండా. అలా అడుగు పగలగొట్టి పెడితే ఆ దారి తెగిపోతుందని మా పెద్దవాళ్లు చేసేవాళ్లు. నేను వద్దని ఏడ్చాను. నా బిడ్డ పెదాలానిన కూజా అది, పగలగొట్టొద్దని ఆల్సీ చెయ్యి పట్టుకున్నాను. అప్పటికి నువ్వు నా కడుపులో నాలుగో నెల. కడుపులో దాన్ని ఉండనీవే అన్నాడు మీ నాన్న. అలా అని, అదిగో, ఆ రాయంత రాయి తీసుకుని మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు."

తాను బతికి ఇంత పెద్దదై, రంగు దిద్దుకుని, బంగళా చూడ్డానికి బయల్దేరడం వెనక తండ్రి వేసిన ఆ ఒక్క దెబ్బ ఉందని వెర్నెల్‌కు ఎవరూ చెప్పలేదు. తల్లి భుజానికి తల ఆనించింది. ముసలమ్మ కూతురి జుట్టు సవరించింది.

"దీన్ని మీరు ఇక్కడే ఉంచేయండి," అంది కొరిన్. "మా పుస్తకంలో ఇంటివాళ్లకు తిరిగి ఇచ్చేశామని రాస్తాను. పైవాళ్లు ఏమైనా అంటే నేను పడతాను. మిగతావి కూడా ఒక్కొక్కటీ ఎక్కడివక్కడ పెట్టేస్తాం. మీరు పక్కనుండి చెప్పాలి అంతే."

"చెబుతాను. పండగ ఎల్లుండేగా, ఎల్లుండి వస్తాం." ఆర్థెమీజ్ కూజాను గడ్డిలో నిలబెట్టి, కోడిపుంజు మొహం కాలవ వైపు తిప్పింది. బరువంతా దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య. చూశావుగా వెర్నెల్, ఇక నువ్వు మర్చిపోవు. నాకు ఏ దిగులూ లేదు. రేపు పిలిచినా హాయిగా వెళ్లిపోతాను."

వెర్నెల్ తల ఎత్తింది. ఏడాదిగా ఒళ్లు మండించిన మాట అదే. ఈసారి ఒళ్లు మండలేదు, భయమేసింది. ఇన్నాళ్లూ కోపమనుకున్నది భయమేనని ఇప్పుడే తెలిసింది. ఆమె లేచి, కంచె దగ్గరి నుంచి పిడికిలంత రాయి తెచ్చింది. కూజాను బోర్లించి, కొరిన్ వైపు ఒక్కసారి చూసింది. మూడు వారాల పని కదా. కొరిన్ తల పంకించి మొహం పక్కకు తిప్పుకుంది.

వెర్నెల్ రెండు చేతులతో రాయి ఎత్తి కొట్టింది. అతికించిన అడుగు ముక్కలై లోపలికి రాలింది.

"రేపు పిలుస్తారంట, హాయిగా వెళ్తుందంట!" అంది ఏడుస్తూ, రాయి అవతల పారేస్తూ. "ఇప్పుడు వెళ్లు, చూస్తాను."

ఆర్థెమీజ్ పగిలిన అడుగులోకి వేలు పెట్టి చూసింది. తర్వాత కూతురి చేతులు రెండూ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఎంత గట్టిగా కొట్టావే," అంది. "మీ నాన్న కూడా నీకోసం ఇంత గట్టిగా కొట్టలేదు."