కూలీ అని రాసిన కాగితం

"గడ్డి మొత్తం తీస్కపోయి గా రాళ్ళ మీద కప్పితె బర్రె ఏం దినాలె?" శంకరమ్మ ఆ మాట అడగడం అది మూడోసారి.

ముత్తయ్య గడ్డివాము నుంచి ఇంకో మోపు లాగాడు. పొద్దున్నుంచీ మొగుడూ పెళ్ళాల మధ్య ఇదే గొడవ. రావల్కోల్ ఊరు దాటాక ఉన్న రెండెకరాలను వాళ్ళు పదకొండేళ్ళుగా కౌలుకు చేస్తున్నారు. పట్టా శామీర్‌పేట కాలనీలో ఉండే చక్రపాణిది. పోయిన నెల అతని మనుషులు వచ్చి, మోకాలెత్తు మొక్కజొన్నలోంచే టేపులు లాగి, ప్లాట్లకు హద్దురాళ్ళు పాతి వెళ్ళారు. ప్లాట్లు చేసిన భూమికి సర్కారు ఇచ్చే రైతు భరోసా డబ్బు రాదు. రేపు పొద్దున వ్యవసాయ శాఖ సారు పొలం చూసి ఫోటో తీసుకోవడానికి వస్తున్నాడు. రాళ్ళు కనపడకుండా గడ్డి కప్పమని చక్రపాణి ఫోన్ చేశాడు.

"ఏంది గీ గడ్డి అని సారడిగితె?"

"కలుపు రాకుంట పరిసినమంట."

"ఇగ ఎవుసం సారుకే ఎవుసం నేర్పుతవన్నట్టు."

ముత్తయ్య మోపు నెత్తికెత్తుకున్నాడు. రోడ్డుకు అవతల కుర్మయ్య చేసే కౌలు పొలాన్ని పోయిన వారమే చదును చేశారు. వరి పొట్ట మీద ఉండగానే. జేసీబీ ఇంకా అక్కడే ఉంది. గడ్డి కప్పుతున్నంతసేపూ ముత్తయ్య అటువైపు చూడలేదు.

రైతు భరోసా ఎకరానికి ఆరు వేలు. అది పట్టా ఉన్న చక్రపాణి ఖాతాలోనే పడుతుంది. పడిన వారం అతను ఒక యూరియా బస్తా కొనిచ్చేవాడు. అదే తన వాటా అనుకుని ముత్తయ్య దండం పెట్టి తెచ్చుకునేవాడు. ఈసారి సగం డబ్బు నీకే అన్నాడు చక్రపాణి. వచ్చే పంట కూడా నువ్వే వేసుకో అన్నాడు. నిన్న ముత్తయ్య కొడుకు కుమార్ చేత ఒక కాగితం పంపితే, సగం డబ్బు కోసమేననుకుని ముత్తయ్య సంతకం పెట్టాడు. ఇన్నేళ్ళూ వాళ్ళ కౌలంతా నోటి మాట మీదే నడిచింది. తన పేరుతో ఒక కాగితం రావడమే అతనికి గౌరవంగా తోచింది. చదివించుకోవాలని అనిపించలేదు.

కుమార్ తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, ఆ కాగితం చక్రపాణికి ఇచ్చి వస్తానని బయలుదేరుతుంటే, చెల్లెలు కావ్య ఒకసారి చూస్తానని తీసుకుంది. డిగ్రీ చదివే పిల్ల. గడపలో నిలబడి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"నాయినా, నువ్వు కౌలు జేస్తలేవంట. చక్రపాణి సారు దగ్గర రోజు కూలికి పనిజేస్తున్నవంట. ఇప్పుడున్న మక్క పంట గూడ ఆయనదేనంట. పొమ్మన్న రోజు పోతవంట."

ముత్తయ్య మెడకంటిన గడ్డిపోచలు దులుపుకున్నాడు. ఆఫీసు కోసం అట్లా రాసి ఉంటారులే అన్నాడు. కుమార్ కూడా ఆ కాగితం అప్పటిదాకా చదవలేదు. అయినా ఇప్పుడు తగువు పెట్టుకోవద్దన్నాడు. కుర్మయ్య తన పొలం పట్టాదారుకు ఎదురు మాట్లాడినందుకే నాలుగు రోజుల్లో మిషన్ దిగిందనీ, నోరు మూసుకుంటే కనీసం ఈ మక్క ఇంటికొస్తుందనీ అన్నాడు.

శంకరమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. "కూలి అన్న మాట మల్లొక్కసారి సదువు బిడ్డా" అంది. కావ్య చదివింది. శంకరమ్మ ఆ కాగితాన్ని తీసుకుని, మడతపెట్టి, రొండిన దోపుకుంది.

"గిది ఇయ్యం. రేపు ఎవుసం సారొచ్చినప్పుడు పొలంకాడ నేనుంట. కౌలు మాదని, పంట మాదని చెప్త. రాళ్ళు గూడ సూపిస్త."

గొంతు పెంచలేదు. నీళ్ళు తెస్తానని చెప్పినట్టే చెప్పింది.

"పొలం పోతదమ్మా" అన్నాడు కుమార్.

"తెలుసు."

ఆమె కంచాలు తెచ్చి నలుగురికీ అన్నం పెట్టింది. ముత్తయ్య ముద్ద కలిపాడు గానీ నోట పెట్టుకోలేదు. తనూ రావాల్నా అని అడిగాడు.

"వస్తె రా. రాకున్న నేను చెప్త."