పద్దెనిమిది బైట్లు

చిన్న డేటా మూట ఒకటి పంపాడు, వెళ్లింది. ఇంకొంచెం పెద్దది పంపాడు, అదీ వెళ్లింది. స్విచ్చుల గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నెట్‌వర్క్ సారు ఉదయం నుంచీ ఇదే పని మీదున్నాడు. ఇరవై రెండేళ్లుగా అదే బకెట్టు, అదే నడుంనొప్పి. అన్నీ సవ్యంగా నడిచినన్నాళ్లూ అలాంటి మనిషొకడున్నాడని ఆ ఆసుపత్రిలో ఎవరికీ గుర్తుండదు.

రెండు నెలలుగా మాత్రం అందరికీ గుర్తున్నాడు. కొత్త కేబులూ కొత్త స్విచ్చూ ఒకేరోజు బిగించారు. అప్పటినుంచి స్కానింగ్ గది నుంచి డాక్టర్లకు చిన్న చిన్న కబుర్లు వెళ్తున్నాయి కానీ స్కానింగ్ బొమ్మలు వెళ్లడం లేదు. "నా స్విచ్చు బాగానే ఉందండీ, కేబులే సరిగా వేయలేదు," అని సారు పెద్దాఫీసులో అనేశాడు. అనడానికేం, నాలుకకు నరముందా! ఆ ఒక్క మాటకు, ముప్పయ్యేళ్లుగా అక్కడి గోడల్లో కేబుళ్లు వేస్తున్న ముసలాయనను ఇవాళ పొద్దున్నే పిలిచి రేపటి నుంచి రావద్దన్నారు.

మధ్యాహ్నం తొమ్మిది వేల బైట్ల మూట కట్టి, దారిలో విడగొట్టవద్దని చెప్పి పంపాడు. చడీచప్పుడు లేకుండా మాయమైంది. కొత్త స్విచ్చు పుస్తకం తీసి, చిన్నక్షరాల మీద వేలు పెట్టి చదివాడు. పాత స్విచ్చులు మూటలోని సరుకునే కొలుస్తాయి. ఈ కొత్తది పైన అంటించిన చిరునామానూ కలిపి కొలుస్తుంది. అది పద్దెనిమిది బైట్లు. అతను అన్నింటికీ హద్దు అలవాటుగా తొమ్మిది వేలే రాసి పెట్టాడు.

సరిదిద్దడానికి నిమిషం పట్టలేదు. బొమ్మలు బిలబిలా బయల్దేరాయి. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

ఇంతలో కేబులాయన తలుపు తోసుకుని వచ్చాడు, సంచి భుజాన వేసుకుని.

"బొమ్మలు వెళ్తున్నాయటగా బాబూ? నర్సమ్మ చెప్పింది. ఏమిటట ఇంతకీ?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏదో... దానంతటదే కుదురుకుంది బాబాయ్."

"పోనీలే. వేళ్లు వణుకుతున్నాయి కదా, తప్పు నాదేనేమో అనుకున్నా. వస్తా మరి."

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడకుండా పోయాక పెద్దాఫీసుకు ఫోను కలిపాడు. అవతల ఎత్తి "హలో" అనగానే పెట్టేశాడు. ఇంత పిరికివాడినా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

పుస్తకం సర్దబోతూ, ఎన్నడూ చూడని స్విచ్చు వెనుక వైపుకు వంగాడు. కేబులు చివర ఒక పసుపు చీటీ అంటించి ఉంది, దాని మీద వంకర అక్షరాలతో, "రెండుసార్లు చూశాను, బాగుంది."